షట్టరు ఎత్తేదెవరు?

(అమలాపురంలో తెలుగు సైన్స్ ఫిక్షన్ సదస్సులో అధ్యక్షోపన్యాసం)

వెనక వరసల్లో కుర్రకారు ఫోన్లు చూసుకుంటోంది. ఆ ఫోన్లు కట్టేయమని నేను అనను. ఇవాళ మనం మాట్లాడుకోబోయే సంగతి చాలావరకు వాటిలోనే నడుస్తోంది.

సైన్స్ ఫిక్షన్‌కి సదస్సేమిటి, అదీ కోనసీమలో ఏమిటి అని ఒకరిద్దరు పెద్దమనుషులు నన్ను అడిగారు. ‘నిశ్శబ్ద విస్ఫోటనం’ రాసిన యండమూరి వీరేంద్రనాథ్ 1948లో పుట్టింది రాజోల్లోనేనండీ అన్నాను. అది చాలకపోతే మన కోనసీమ ఊరే ముంగండ ఉంది. మహీధర రామమోహనరావు ‘కొల్లాయిగట్టితేనేమి?’ నవలలో సహాయ నిరాకరణ నాటి ముంగండను మన కళ్ళ ముందు నిలబెట్టారు. ఆ కుటుంబంలోనే పుట్టిన మహీధర నళినీమోహన్ ‘క్యాలెండర్ కథ’ లాంటి పుస్తకాలతో తెలుగు పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పారు. ఒకరి పుస్తకాల్లో రాజకీయం, ఇంకొకరి పుస్తకాల్లో విజ్ఞానం. ఆ రెండూ ఒకే పుస్తకంలో గట్టిగా కలిసిన నవల కోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇవాళ నా ఫిర్యాదంతా అదే.

మన సైన్స్ ఫిక్షన్‌లో యంత్రం ఉంటుంది, ప్రభుత్వం ఉండదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’లో మనల్ని రాయలవారి కొలువుకీ తీసుకెళ్ళారు, 2504వ సంవత్సరానికీ తీసుకెళ్ళారు. నాకు ఎంతో ఇష్టమైన సినిమా. కానీ చూసినవాళ్ళని అడగండి, కొలువులో ఎవరెక్కడ కూర్చున్నారో చెబుతారు. 2504లో పన్నులు ఎవరు వేస్తారో, తగవులు ఎవరు తీరుస్తారో ఎవరూ చెప్పలేరు. మనకి ఊహ తక్కువై కాదు ఇది. వందేళ్ళకి పైగా వెనక్కి వెళితే, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు గలివర్ యాత్రలు చదివి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ రాశారు. అందులో ఆడుమళయాళం ఆడవాళ్ళ రాజ్యం. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి పెట్టిన కట్టుబాట్లన్నీ అక్కడ మగవాళ్ళకి. లేని దేశానికి ఒక ధర్మశాస్త్రం రాసి, ఉన్న దేశం చేతికి అద్దం ఇచ్చారాయన. ఒక్క యంత్రం కూడా లేకుండా!

రాతల్లో కనిపించని ఆ రాజకీయం అభిమానుల మధ్య కనిపిస్తుంది, ఇక వాళ్ళ సంగతి. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పెట్టి, పాఠకుల ఉత్తరాల కింద వాళ్ళ చిరునామాలు కూడా అచ్చువేశాడు. దాంతో పాఠకులు ఎడిటర్ని వదిలేసి ఒకళ్ళకొకళ్ళు రాసుకోవడం మొదలుపెట్టారు. మన వారపత్రికల కలం స్నేహాలు ఎరిగినవాళ్ళకి ఇదేమీ వింత కాదు. 1939 జులైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. వచ్చినవాళ్ళు సుమారు 200 మంది. అంత చిన్న సభలోనూ, ఫ్యూచరియన్స్ అనే జట్టులో ఆరుగురిని గుమ్మంలోనే ఆపేశారు. వాళ్ళ రాజకీయాలు, వాళ్ళ కరపత్రాలు నిర్వాహకులకు కిట్టలేదు. అలా బయట నిలబడినవాళ్ళలో ఫ్రెడరిక్ పోల్ ఉన్నాడు, డొనాల్డ్ వోల్‌హైమ్ ఉన్నాడు. తర్వాతి రోజుల్లో ఆ సాహిత్యానికి పెద్ద సంపాదకులయ్యారు ఇద్దరూ. (ఇవాళ మన గుమ్మంలో ఎవరినీ ఆపలేదని నిర్వాహకులు నాకు మాటిచ్చారు.) 1970ల చివరికి అమెరికా రక్షణ శాఖ డబ్బుతో వేసిన ఆర్పానెట్ తీగల మీద సైన్స్ ఫిక్షన్ అభిమానులు కబుర్లు చెప్పుకోవడం మొదలైంది. ఇంటర్నెట్ మన ఇళ్ళకు రాకముందే అందులో ఈ పిచ్చి చేరిపోయింది.

మనకి అలాంటి బృందం చందమామ సీరియళ్ళ వల్ల ఏర్పడింది. ‘తోకచుక్క’ మొదలుకొని ఆ సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఏళ్ళ తరబడి చాలామంది పాఠకులకు తెలియదు. సంపాదకవర్గంలో ఒకరిగా మౌనంగా ఉండిపోయారు. తర్వాత నెట్ వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో అటకల మీద దాచిన పాత సంచికలు దించి, పిన్ను దగ్గర తుప్పు మరక పడ్డ పేజీని జాగ్రత్తగా విప్పి, స్కాన్ చేసి, లేని నెల సంచిక ఎవరి దగ్గరుందో వాకబు చేసుకుని, ఒకరికొకరు పంపుకున్నారు. తమకు తామే చందమామ పిచ్చోళ్ళమని పేరు పెట్టుకుని, దాన్ని ‘చంపి’ అని కుదించుకున్నారు. 2010లో దాసరి వారు కన్నుమూసే నాటికి ఆయన ఎవరో ఈ పిచ్చోళ్ళకి తెలుసు.

ఇలాంటి అభిమానుల మధ్యే ‘బాహుబలి’ సినిమా వచ్చాక అందులోని మాహిష్మతి రాజ్యం మీద జరిగిన వాదాలు నేను కొంచెం దగ్గర్నుంచే చూశాను. అది సైన్స్ ఫిక్షన్ కాదు కదా అని నియమనిష్ఠలు గలవారు అంటారు. ఒప్పుకుంటాను, కానీ వాదన మాత్రం అసలైనదే. రాజమాత నోటిమాట చట్టమవుతుందా? ఒకసారి ప్రకటించిన వారసత్వాన్ని ఆమె వెనక్కి తీసుకోవచ్చా? కొత్తపేట దగ్గర ఒక డిప్లొమా కుర్రాడు ఈ విషయమ్మీద ముఖం తెలియని ఒకాయనతో నెలల తరబడి పోట్లాడాడు. ఇద్దరికీ మారుపేర్లే. చివరికి అమలాపురం బస్టాండులో కలుద్దామనుకున్నారు. వచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. నిన్నటి దాకా ‘బ్రో’ అన్న కుర్రాడి నోరు ‘మాస్టారూ’ దగ్గర ఆగిపోయింది. ఆయన టీ చెప్పి, “బ్రో అనే పిలవవోయ్. మాస్టారూ అంటే నాతో ఇంకేం పోట్లాడతావ్?” అన్నారట.

మన వైపు కొత్తవాడు కనిపిస్తే, ఆయ్, ఇంటిపేరేవిటండీ అని అడుగుతాం. ఆ ఒక్క జవాబుతో మిగతా లెక్కలన్నీ లోపల కట్టేసుకుంటాం. మాహిష్మతిలో మనలో ఎవరి కులమూ లేదు. అందుకే ఆ ఇద్దరూ నెలల తరబడి న్యాయం గురించే మాట్లాడుకోగలిగారు. అయితే దీన్ని మరీ మెచ్చుకోకండి. హీరోల అభిమాన సంఘాలకు కులం ఎలా అంటుకుందో, రాత్రిళ్ళు ఫోన్లలో ఎలాంటి బూతులు నడుస్తాయో మీ అందరికీ తెలుసు.

పైగా మనం 2022ను దాటేసి ముందుకు పోలేం. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ అంబేడ్కర్ పేరు చేర్చడం మీద మే 24న ఈ ఊళ్ళోనే ఇళ్ళు తగలబడ్డాయి. జనాన్ని పోగుచేసింది వాట్సాప్. తర్వాత రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు పోయారు. మాహిష్మతి గురించి వాదించినవీ, ఆ రోజు జనాన్ని పిలిచినవీ ఇవే ఫోన్లు. ఒక మహానుభావుడి పేరు జిల్లాకు పెట్టడం గురించి ఎదుటివాడితో కూర్చుని మాట్లాడే అలవాటు మనకు లేకపోయింది. కల్పిత రాజ్యాల మీద కొట్టుకునేవాళ్ళని పనిలేనివాళ్ళని నేనైతే అనను. ఆ అలవాటు వాళ్ళకి ఎంతోకొంత పడుతోంది.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ దగ్గరికి వస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. కింద ఎండిపోయిన కాశీ, పైన నీళ్ళూ పచ్చదనమూ అన్నీ లాగేసుకున్న కాంప్లెక్స్. నాగ్ అశ్విన్ కథలో రథాలు, తుపాకులు ఎన్ని ఉన్నా, దాని గుండెకాయ పంపకాల తగాదా. అది అర్థం కావడానికి కోనసీమ వాడికి కళ్ళద్దాలు అక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయల్దేరిన నీళ్ళు శివారు చేలకు ఎప్పుడొస్తాయో, ఏ లాకు దగ్గర ఎవరి మాట మీద షట్టరు లేస్తుందో మనకు తెలుసు. 2011లో గిట్టుబాటు కాక, మురుగు కాలవలు పూడుకుపోయి, ఇక్కడి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. పంట వెయ్యకపోవడమే సమ్మె. ఏ గ్రహం మీద కథ రాసినా ఇంతకంటే వింత సమ్మె ఊహించడం కష్టం.

భూమిలోంచి మంట రావడం కూడా మనం ఊహించుకోనక్కర్లేదు. పాశర్లపూడి గ్యాస్ బావి 1995లో 65 రోజులు మండింది. నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలింది 2014 జూన్ 27న. సరిగ్గా పదేళ్ళకు, అదే తేదీన ‘కల్కి’ విడుదలైంది. ఆ ఊరి వాళ్ళలో ఎవరైనా ఆ రోజు సినిమాకు వెళ్ళారేమో నాకు తెలియదు. అంతర్వేదిలో సముద్రం ముందుకొస్తోంది. చేపల, రొయ్యల చెరువుల పక్కన కొబ్బరి చెట్ల మొవ్వులు వాడిపోతున్నాయి. నవలకు కావలసిన సరుకంతా ఇంటి ముందే ఉంది.

అందుచేత పత్రాలు చదివేవారికి ఒక మనవి. మీ కథలో రోబో ఉంటే ఉండనివ్వండి. దాన్ని కొన్నదెవరు, ఆ డబ్బు ఎవరి పొలంలోంచి వచ్చింది, అది పాడైతే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి, అవి కూడా చెప్పండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్రకారుకు ఒక గంట ఇవ్వమని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. విషయం ఇది: 2100వ సంవత్సరం, సముద్రం రాజోలు దాకా వచ్చింది, మంచినీళ్ళకు మిగిలింది ఒక్క లాకు. షట్టరు ఎత్తే అధికారం ఎవరిది? మారుపేర్లతోనే వాదించవచ్చు. మాస్టారుగారు కూడా వచ్చారు, మూడో వరసలో ఉన్నారు.