తెల్లమద్ది పట్ట

మనము పక్షవాతమనెడి వ్యాధిని చీనావారు జోంగ్‌ఫెంగ్ అందురు. గాలి దెబ్బ యని దాని యర్థము. వాతమన్నను గాలియే కదా! ఇరుదేశముల వృద్ధవైద్యులును ఒక్క యూహకే వచ్చుట వింత.

మెదడునకు రక్తము గొనిపోవు నాళము గడ్డచే పూడినయెడల ఒడలిలో నొక పక్కము పడిపోవును. గుండెకు రక్తమిచ్చు నాళము పూడిన గుండెపోటు వచ్చును. ఈ రోగములకు చీనావారు డాన్‌షెన్ అను ఎఱ్ఱని వేరును వాడుదురు. మనకు తెల్లమద్ది కలదు. సంస్కృతమున దీనిని అర్జునవృక్షమందురు. వాగుల యొడ్డున పెరుగు ఆ నునుపైన తెల్లని మ్రానును మన పల్లెల బాలురును గుర్తింపగలరు. పదునొకండవ శతాబ్దమున చక్రపాణిదత్తుడు హృద్రోగమునకు దీని పట్టను పాలలో గాచి యిమ్మని విధించెను.

ఈ మాట కొంత పరీక్షకు నిలిచినది. నడిచిన మాత్రమున ఛాతినొప్పి వచ్చు 58 మంది పురుషులకు వారము దినములు పట్టసారము నీయగా నొప్పి తగ్గినదని 2002లో ప్రకటించిరి. గుండె బలము తగ్గినవారిపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో మాత్రము గుండె బలము పెరిగినట్లు కానరాలేదు. చీనాలో సుమారు 3,800 మంది గుండెపోటు రోగులపై టోంగ్‌సిన్‌లువో అను దేశీయౌషధమును పరీక్షించి 2023లో ఫలితము వెల్లడించిరి. ముప్పది దినములలో ఆపదలు నూటికి 5.2 నుండి 3.4కు తగ్గినవి. అయితే ఆ రోగులందరును ఆసుపత్రి చికిత్స పొందుచునే ఆ మందు గొనిరి. ఈ సంగతిని మనవారు తఱచుగా విడిచి చెప్పుదురు. నేనును అట్లే చెప్పుచుంటిని.

నా యన్నగారు కోరుట్లలో నుందురు. ఒకనాటి యుదయమున వారి మూతి వంకరపోయి, మాట తడబడి, కుడిచేయి లేవకుండెను. సిరిసిల్లలోనున్న నాకు వదినగారు ఫోను చేసిరి. "భయపడకుడు, తైలము మర్దించి కషాయము పోయుడు" అంటిని. మ్రింగలేని వారి నోట కషాయము పోసిన ఊపిరితిత్తులలోనికి పోవునని నాకు తోచలేదు. జగిత్యాల చేర్చునప్పటికి సాయంకాలమైనది.

గడ్డను కరగించు సూదిమందు రోగము తాకిన నాలుగున్నర గంటలలోపలనే ఈయవలెనట. నాళము పూడినను పగిలినను చేయి అట్లే పడును. పగిలినచో ఆ సూదిమందే ప్రాణము తీయును. ఈ భేదము నాడి పట్టిన తెలియదు, స్కాను తీయవలెను. కావున అట్టి గడియలో 108ని పిలిచి స్కాను గల ఆసుపత్రికే పోవలెను. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. బీడీలు చుట్టు కోరుట్లనుండి జగిత్యాల దూరము గాదు.

అన్నగారి చేయి మరల లేవలేదు. ఆ చేతితోనే వారు నాకు ఓనమాలు దిద్దించిరి. ఇప్పుడు ఆసుపత్రివారి మాత్రలు వేసికొని, ఆ వైద్యుని యనుమతితోనే ఎడమచేత గిన్నె పట్టి మద్దిపాలు త్రాగుచుందురు. పట్ట నేనే గొనిపోయి యిచ్చుచుందును.