తోడు వేస్తే చాలదు

(సోలాపూర్‌లో డైయింగ్ కార్మికుల సమావేశంలో సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి ఇందాకే మాట్లాడుకున్నాం. ఇప్పుడు మురికినీటి తొట్టి సంగతి. "కూలి గురించి చెప్పక ఈ కంపు కథ ఎందుకయ్యా" అని వెనక వరసలో ఎవరో అననే అన్నారు. ఆ తొట్టిలో మన కూలీ ఉంది, ప్రాణమూ ఉంది. కాసేపు ఓపిక పట్టండి.

ఈమధ్య కొన్ని కార్ఖానాలకు సేట్లు సంచుల్లో ఒక పొడి తెప్పిస్తున్నారు. ‘కల్చర్’ అంటారు. చూడడానికి తవుడులా ఉంటుంది. రెండు కిలోలు తొట్టిలో చల్లి, ఇక నీళ్ళు శుభ్రమైపోతాయి, బోర్డు ఆఫీసరు వచ్చినా భయం లేదు అంటున్నారు. ఆ పొడిలో ఉన్నవి బాక్టీరియా, కంటికి కనపడని జీవులు. అవి మురికిని తింటాయి, అందులో అబద్ధం లేదు. కాని మరిగే పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుందా? మన ఆడవాళ్ళను అడగండి, నవ్వుతారు. మరి రంగు యంత్రంలోంచి పొగలు కక్కే నీళ్ళు, అందులో సోడా, ఉప్పు, చల్లారకుండానే తొట్టిలోకి వదిలి దాంట్లో పొడి చల్లితే అది ఏం చేస్తుంది?

తోడు సంగతి ముందు కనిపెట్టింది కూడా బట్టల మిల్లుల ఊళ్ళోనే. ఇంగ్లండులో మాంచెస్టర్. 1914లో ఆర్డర్న్, లాకెట్ అనే ఇద్దరు సీసాల్లో మురుగునీరు పోసి గాలి ఊదారు. మొదటిసారి శుభ్రం కావడానికి వారాలు పట్టింది. అప్పుడు పై నీరు వంచేసి, అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోశారు. అలా చేస్తూ పోతే వారాలు కాస్తా గంటల్లోకి వచ్చాయి. నిన్నటి పెరుగు నేటి పాలకు తోడైనట్టే. ఇవాళ మన తొట్లలో ఉండేదీ ఆ పద్ధతే.

మరి రంగును విరగ్గొట్టే గట్టి తోడు ఎక్కడ దొరుకుతుంది? ఆ రంగు పారే చోటే. మన పక్కన కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయంలో ఈ పని ఏళ్ళ తరబడి జరిగింది. కార్ఖానా కాలువ పక్కనుంచి గుప్పెడు బురద తెస్తారు. గాజు కుప్పెలో కొంచెం మేత, కొంచెం రంగు వేసి అందులో కలుపుతారు. తట్టుకోలేనివి చస్తాయి. తట్టుకున్నవాటిలోంచి ఒక చుక్క తీసి, రంగు ఇంకా ఎక్కువున్న కుప్పెలో వేస్తారు. అలా పదే పదే. చివరికి గట్టి జెల్లీ మీద పరిచి, విడివిడిగా మొలిచిన మచ్చల్లో ఒక్కొక్కదాన్ని పరీక్షించి పనిమంతురాలిని ఏరుకుంటారు. దాన్నే ‘స్ట్రెయిన్’ అంటారు. రైతుల మాటలో వంగడం. విత్తనాలు దాచినట్టు వీటినీ దాచే చోట్లున్నాయి. పుణేలో నేషనల్ కెమికల్ లేబరేటరీలో ఒకటి, చండీగఢ్‌లో ఒకటి.

బెంగాల్‌లో పుట్టిన ఆనంద చక్రవర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఉండగా ముడి చమురును విరగ్గొట్టే బాక్టీరియాను తయారుచేశారు. ప్రాణమున్నదానికి పేటెంటు ఇవ్వవచ్చా అని కోర్టు కేసయింది. 1980లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి, ఇవ్వవచ్చు అంది. మనిషి కష్టం ఎలాగూ కంపెనీదే, ఇప్పుడు క్రిమి కష్టం కూడానా అని మాకు నవ్వొచ్చింది. అయితే ఆ బాక్టీరియాను సముద్రంలో చమురు తినమని ఎన్నడూ వదలలేదు. గాజు కుప్పెలో గెలిచింది బయట గెలుస్తుందన్న హామీ లేదు.

ఇక అసలు మోసం దగ్గరికి వస్తాం. మనం వాడే రంగుల్లో చాలావరకు ‘ఎజో’ రంగులు. వాటి లోపల రెండు నైట్రోజన్‌లు కలిసిన ముడి ఉంటుంది. రంగు కనపడేది ఆ ముడి వల్లే. గాలి లేని తొట్టిలో బాక్టీరియా ఆ ముడి విప్పుతాయి. ఎర్రనీళ్ళు తేటబడతాయి. సేటు సంతోషపడతాడు. కాని ముడి విడిపోయాక మిగిలే ముక్కలు అమీన్లు. వాటిలో బెంజిడీన్ లాంటివి మూత్రాశయానికి కేన్సర్ తెచ్చేవి. బెంజిడీన్ రంగులను మన దేశంలో 1990లలోనే నిషేధించారు, అయినా చీటీ లేని డబ్బా వస్తే అడగండి. ఈ ముక్కలను తినాలంటే గాలి పీల్చే బాక్టీరియా కావాలి. కనుక ముందు గాలి లేని తొట్టి, తరవాత బ్లోయరు తిరిగే తొట్టి, రెండూ ఉండాలి. రంగు పోతే విషం పోయిందనుకోవద్దు.

ఉప్పు మాట కూడా చెప్పాలి. ఉప్పును ఏ బాక్టీరియా తినదు. తిరుప్పూరు సంగతి మీకు తెలుసు. నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం ఆనకట్ట 1992లో సాగునీటికని కట్టారు. అందులో నిండింది రంగు కార్ఖానాల ఉప్పునీరు. రైతులు కోర్టుకు పోయారు, వాళ్ళది న్యాయమే. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లు మూయమంది. వందల యూనిట్లు. మర్నాడు రోడ్డున పడ్డది సేట్లు కాదు. మన ఊరికి ఆ రోజు రాకూడదనే ఈ మాటలు.

మేము మిల్లులో ఉన్న రోజుల్లో, దాని పేరు ఇప్పుడెందుకు, కరెంటు ఖర్చు తగ్గుతుందని రాత్రి పాళీలో బ్లోయరు ఆపేసేవారు. పొద్దున్నే మళ్ళీ వేసేవారు. రాత్రంతా గాలి ఆగితే మంచి బాక్టీరియా నీరసిస్తాయి, బురద నల్లబడుతుంది. మనం వాడే గ్లాబర్ సాల్ట్ సల్ఫేటే కదా, గాలి లేని బురదలో ఇంకో జాతి బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్డు కంపు. గ్యాసు మరీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియదు.

ఒక తెల్లవారుజామున పంపు ఇరుక్కుందని ఇరవై ఏళ్ళ కాంట్రాక్టు పిల్లవాణ్ణి దించారు. నిచ్చెన నాలుగో మెట్టు దగ్గర చేతులు వదిలేశాడు. పట్టుకుందామని మేమూ దిగబోయాం. ముసలి జాబరు చొక్కా పట్టి వెనక్కి లాగాడు, "ఇద్దరి పాడె మోయాలా నేను" అని తిట్టాడు. కొక్కేనికి తాడు కట్టి పిల్లవాణ్ణి పైకి తీశాం. బతికాడు. తలనొప్పి పోక ఆ ఏడాదంతా పని చేయలేకపోయాడు. హాజరు పుస్తకంలో అతని పేరే లేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. సంఘంలో ఉండీ మేము గట్టిగా నిలబడలేదు. పర్మినెంటు వాడు కాదు కదా అనుకున్నాం. అది మా తప్పు.

అందుకే ఈసారి కోర్కెల పత్రంలో మొదటి పేజీలోనే పెట్టాం. బ్లోయరు రాత్రీ పగలూ తిరగాలి. తొట్టి చూసే మనిషికి శిక్షణ ఇచ్చి, పేరు రిజిస్టరులో రాయాలి. గ్యాసు పరీక్ష చేయకుండా, శ్వాస పరికరం, బెల్టు, తాడు, పైన పట్టుకునే మనిషి లేకుండా ఎవరూ దిగరాదు, పర్మినెంటు అయినా కాంట్రాక్టు అయినా. ఇది కొత్త కోరిక కాదు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనులోనే రాశారు.

మీరు చేయాల్సింది ఒకటుంది. లీటరు గాజు కొలపాత్ర ఒకటి ప్రతి కార్ఖానాకూ ఆఫీసు నుంచి ఇస్తున్నాం. గాలి తొట్టిలోంచి ముంచి, గట్టు మీద అరగంట కదపకుండా పెట్టండి. బురద చక్కగా అడుక్కు దిగి, గోధుమ రంగులో, తడిసిన మట్టి వాసన వస్తే తోడు బాగున్నట్టు. నల్లబడి కంపు కొడితే, దిగకుండా పైకి తేలితే ఆ రోజు తేదీ, టైము, బ్లోయరు తిరుగుతోందా లేదా, నోటుబుక్కులో రాయండి. రాత్రి పాళీ వాళ్ళు తప్పకుండా రాయండి. పుస్తకాలు నెలాఖరు ఆదివారం ఆఫీసుకు తెండి, బోర్డుకు పంపే అర్జీకి జతచేద్దాం.