గండి పడకముందే
(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగము)



ఈ నూరేళ్ల పండుగలో మన గుడులను, బడులను, ఆసుపత్రులను గురించి వింటిమి. నాకిచ్చిన కొద్ది నిమిషములలో ఒక వాగును గురించి, దానిమీది చిన్న కట్టడమును గురించి చెప్పెదను.

బుడమేరు మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియును. వేసవిలో చూచిన వారికి అది వాగని కూడ తోచదు. వానకాలమున అదే విజయవాడకు దుఃఖదాయిని. అందుకొరకే వెలగలేరు గ్రామమువద్ద 11 తలుపుల రెగ్యులేటరు కట్టి, వరదను మళ్లింపు కాలువగుండ ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపిరి. తలుపులు దించిన నీరు కృష్ణకు పోవును. ఎత్తిన పాత వాగు వెంట పట్టణము మీదికి వచ్చును.

మంచి ఏర్పాటే. కాని దానికొక హద్దున్నది. 2024 ఆగస్టు ఆఖరున వాగుతోపాటు కృష్ణయు పొంగెను. సెప్టెంబరు 2న బ్యారేజివద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులు. నిండిన నది కాలువ నీటిని తీసుకొనలేదు. తలుపులెత్తవలసి వచ్చెను, కాలువ గట్టుకు మూడుచోట్ల గండ్లు పడెను, సింగ్‌నగర్ మునిగెను.

తలుపులెత్తిన వారిని నేనును నిందించితిని. నీరు తీసిన పిదప, వాగు ఒడ్డున మేము కట్టుకొన్న ప్రార్థన మందిరములో బురద ఎత్తుచుండగా, ఒక వృద్ధ విశ్వాసురాలు మెల్లగా అన్నది: "అయ్యగారూ, ఈ జాగా వాగుదేనండీ. శంకుస్థాపన నాడు మా ఆయన చెప్పబోతే ఎవరూ విననే లేదు."

ఆ నాడు ప్రార్థన చేసినవాడను నేనే. ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును ఎన్నిసార్లు బోధించితినో లెక్కలేదు. నేను రాయి వేసినది వాగులోనే. నీరు పోవు దారిని మనము ఇరుకు చేసిన తరువాత, పదకొండు తలుపులు మనలను ఎంతవరకు కాపాడగలవు?

ఆ మందిరమును విడిచి మెరకకు పోవుదమని సంఘముతో చెప్పితిని. కొందరికి నొప్పి కలిగినది. నాకును కలిగినది.

ప్రియులారా, శతాబ్ది మందిరములకు స్థలములు చూచుచున్నాము. రాయి వేయకముందు గ్రామ పటము చూడుడి. ఊరి ముసలివారిని అడుగుడి. నెహెమ్యా కాలమున ఎవరి ఇంటి ఎదుటి గోడను వారు బాగుచేసికొనిరి. ఆలాగే ప్రతి సంఘమును వానలకు ముందే తన ఎదుటి కాలువను పూడిక తీయవలెను. వరద హెచ్చరిక వచ్చిన నాడు మన బడుల మేడగదులు అన్ని మతములవారికి తెరచియుండవలెను.

గండి పడిన తరువాత పూడ్చుట గొప్ప సేవయే. పడకముందు కాచుట అంతకంటె గొప్పది. దేవుడు మనకట్టి బుద్ధిని దయచేయును గాక. ఆమెన్.