తాళము పడిన టెలివిజన్



ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న టెలివిజన్ ప్రసారములు ఆరంభమైననాటి పెట్టె, మర త్రిప్పిన పలికెడిది. తరువాతి పెట్టెలకు జ్ఞాపకశక్తి అబ్బినది. దానితోపాటు తాళమును వచ్చినది.

ఒక విశ్రాంతోద్యోగి యింట పాత టెలివిజన్ హఠాత్తుగా మొండికెత్తినది. బొమ్మ వచ్చుచున్నది గాని, ముందరి మీటలు నొక్కినను చలనము లేదు, రిమోటును మూగపోయినది. మనుమడే చెడగొట్టినాడని తాతగారి కోపము; ముట్టనే లేదని బాలుని కన్నీరు.

ఇట్టిచోట తొందర పనికిరాదు. ముందు రిమోటు బ్యాటరీలు మార్చవలెను. రిమోటు పనిచేసి, పెట్టె మీటలు మాత్రమే పనిచేయనిచో అది సాధారణముగా పిల్లల తాళము. మెనూలో దానిని తొలగింపవచ్చును. లోపలికి దిగి యిరుక్కొన్న మీట యున్నదేమో కూడ చూడవలెను. ప్లగ్గు తీసి కొన్ని నిమిషము లాగుట మంచిదే. కాని తాళపుటాజ్ఞ కరెంటు పోయినను చెరగని జ్ఞాపకమున నుండుటచే, అంతమాత్రమున ఊడకపోవచ్చును. పాత గాజుగొట్టపు పెట్టె వెనుకమూత మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోపల ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఆ యింట క్రొత్త బ్యాటరీలు వేయగా రిమోటు పలికినది. మెనూ తెరచి తాళము తీసినవాడు ఆ మనుమడే. క్రిందటి రాత్రి చీకటిలో రిమోటు మీటలన్నియు నొక్కినది తానేయని తాతగారికి అప్పుడు గుర్తు వచ్చినది.

పెట్టె తాళము క్షణములో ఊడినది. "పొరపాటు నాదేరా" యనుటకు తాతగారి నోటి తాళము మాత్రము సాయంకాలము వరకు ఊడలేదు.