సాల్వీను ఒడ్డున రెండు దినములు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)

"రంగము వెళ్లినాడు" అను మాట వినని ఇల్లు మన తీరగ్రామములలో అరుదు. రంగమనగా రంగూను పట్టణమే గాక, నేడు మయన్మారనబడు బర్మాదేశమంతయు అని మనవారి వాడుక. బియ్యపుమిల్లు, కలపడిపో, ఓడరేవు, ఎచ్చట కూలి దొరికిన అచ్చటికి మేస్త్రీల వెంట మనవారు పోయిరి. కోరంగి రేవునుబట్టి వారికచ్చట కోరంగీలను పేరు కలిగినది.

శ్రీకాకుళము జిల్లాలోని ఒక ఇంటినుండి 1938లో అట్లు వెడలిన గృహస్థు మౌల్మీను పట్టణమునుండి మనియార్డర్లు పంపుచుండెను. 1941 చివర వచ్చినదే కడపటిది. 1942 జనవరి 31న ఆ పట్టణము జపానుసేనల వశమైనది. ఆ యేడు నాలుగైదు లక్షల భారతీయులు బర్మా విడిచిరి. అడవిదారుల నడచినవారిలో వేలకొలది జనము ఆకలికిని, వ్యాధులకును బలియైరి. తిరిగివచ్చినవారిలో ఆయన లేడు. మరణించెనని చెప్పినవారును లేరు. కావున ఆయన భార్య కడవరకు కుంకుమ తీయలేదు. ఆ మనియార్డరు కూపనును భోషాణములో దాచుకొన్నది.

2017 శీతకాలమున వారి మనుమడు భార్యతోకూడ ఆ ఊరు చూడబోయెను. రంగూనులో ఉదయము రైలెక్కి సాయంకాలమునకు చేరిరి. పూర్వము రైలు ఆవలిగట్టున మార్తబానుతో ఆగెడిది. పడవపై నది దాటవలసియుండెడిది. ఇప్పుడు 2005లో తెరచిన వారధిమీదుగా రైలు ఊరు చేరును.

1852కు పూర్వము బ్రిటిషువారి బర్మాకు ముఖ్యపట్టణమై, టేకుకలపకు పేరొందిన మౌల్మీనులో ఆనాటి సందడి లేదు. గుట్టపై పగోడాలు, దిగువను, టిబెట్టున పుట్టి వచ్చిన సాల్వీను సముద్రమున కలియబోవుచు విశాలముగా పరచుకొనియుండును.

దంపతులు రెండు దినములు తీరపువీధిని తిరిగిరి. ఒక కోవెలలో తెలుగెరిగిన వృద్ధురాలు కనబడి, "ఏ ఊరు నాయనా?" అని అడిగెను. కూపను చూపగా, "మా అయ్యా అలాగే వచ్చినాడు. ఎవరు ఎక్కడ పడిపోయినారో ఎవరు రాసుకున్నారు?" అని నిట్టూర్చెను.

బయలుదేరుదినమున అతడు నదిలో దిగి, తర్పణము విడువ దోసిట నీరు పట్టెను. భార్య మెల్లగా, "మామ్మ కడదాకా కుంకుమ తీయలేదండీ. ఇప్పుడు మనము తీయిద్దామా?" అనెను. అతడా నీటిని విడువక శిరస్సున చల్లుకొని గట్టెక్కెను.

ఇంట ఎనుబదియొక్క యేండ్ల తండ్రి ఎదురుచూచుచుండెను. "మా అయ్య పేరు అక్కడెక్కడైనా ఉన్నదా?"

"లేదు నాన్నా."

వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, కొత్త నోటుపుస్తకమొకటి తెప్పించెను. తన తండ్రి పేరు, ఇల్లు విడిచిన సంవత్సరము, చేరిన ఊరు కొడుకుచే వ్రాయించి, కూపనును అందు అంటింపించెను.

సభాసదులారా! సెంటు భూమికిని లెక్క యున్నది. కానిశిస్తుకును లెక్క యున్నది. ఊరు విడిచి కూలికి పోయినవానికి మాత్రము లెక్క లేదు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసినది మనచే చదివించినది. ఇకమీదట ఈ బీరువాలో తెల్లకాగితముల పుస్తకమొకటి యుండవలెను. ఏ ఇంటినుండి ఎవరు, ఏ యేట, ఏ ఊరికి పోయిరో, ఎరిగిన ముసలివారుండగనే అందు వ్రాయింపవలెను.

స్వస్తి.