దీపము – గృహస్థధర్మము



సాయంసంధ్యవేళ దేవుని సన్నిధిని దీపము వెలిగించునపుడు మనము ఎంతయో శ్రద్ధ వహింతుము. వత్తిని సరిచూతుము, నూనె చుక్కయైన ఒలుకనీయము. తక్కిన గదులలో మాత్రము మనుష్యుడు లేకున్నను లైటు వెలుగుచుండును, ఫ్యాను తిరుగుచుండును. పూజగదిలోని శ్రద్ధ ఆ గడప దాటి రావలదా?

విద్యుత్తు ఊరక పుట్టునది కాదు. శ్రీశైలమున కృష్ణమ్మ దుముకవలెను. కొత్తగూడెమున బొగ్గు కాలవలెను. ఆ బొగ్గు వెనుక గనికార్మికుని చెమట కలదు. దాని పొగ మన బిడ్డలు పీల్చు గాలిలోనే కలియును. గీత మూడవ అధ్యాయమున భగవానుడు యజ్ఞచక్రమును బోధించెను. పొందినవాడు తిరిగి అర్పింపవలెను. వృథా చేయకుండుటయే నేటి గృహస్థు అర్పింపదగిన ఆహుతి.

ఇందులకు కఠోరతపస్సు అక్కరలేదు. 60 వాట్ల పాతబల్బు ఇచ్చునంతటి వెలుగును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చును. దినమునకు 5 గంటలు వెలిగినచో ఏడాదికి సుమారు 93 యూనిట్లు మిగులును. 75 వాట్ల ఫ్యానుకు బదులు 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను దినమునకు 12 గంటలు తిరిగినచో సుమారు 197 యూనిట్లు మిగులును. పప్పు నానబెట్టి మూతపెట్టి వండుట, ఏ.సి.ని 24 డిగ్రీలకు దింపకుండుట, పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టుట, మేడపై తెల్లసున్నము వేయుట – ఇవియెల్ల అందరికిని సాధ్యములే.

తిరుమలలో 2002వ సంవత్సరమున సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి అన్నప్రసాదము వండు ఏర్పాటు నెలకొల్పబడెను. నిత్యము సూర్యునికి అర్ఘ్యమిచ్చు మనము, స్నానపు నీళ్లు కాచుటకైనను ఆయన వేడిమిని వినియోగించుకొనరాదా?

అయితే ఒక్క మాట. పొదుపు వేరు, పిసినారితనము వేరు. మండువేసవిలో వృద్ధులైన తల్లిదండ్రుల గదిలో ఫ్యాను ఆపుట పొదుపు కాదు, అధర్మము. పనిమనిషిని చీకటిలో అంట్లు తోమించుటయు అట్టిదే. చదువుకొను బిడ్డకు వెలుగు తగ్గింపరాదు. ఆపవలసినది ఎవరికిని ఉపయోగపడని విద్యుత్తును మాత్రమే. ఎవరి సుఖమునకు వెచ్చించుచున్నాము, ఎవరి అజాగ్రత్తకు వెచ్చించుచున్నాము అను వివేకమే ఇందు ముఖ్యము.

ప్రతిరాత్రియు శయనించుటకు ముందు ఇల్లంతయు ఒకమారు కలయజూచి, అక్కరలేని స్విచ్చులను ఆపి, ఆ పిమ్మట దైవమునకు నమస్కరింతము. అదియును పూజలో భాగమే యగును.

స్వస్తి.