లెడ్జరు నుండి సెల్‌ఫోను దాకా

(ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, ఈ బరంపురంలోనే బ్యాంకు గుమాస్తాగా ముప్పయ్యేడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. సృజన, పట్టుదల, రాబోయే టెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు. నేను కౌంటరు వెనక నుండి చూసిందే చెబుతాను.

1986లో మన తెలుగు కుర్రవాడొకడు రోజూ మా కౌంటరు దగ్గరకు వచ్చేవాడు. తండ్రి సూరత్‌లో మరమగ్గాల పని చేస్తూ, కొడుకు కాలేజీ ఫీజు మెయిల్ ట్రాన్స్‌ఫర్ ద్వారా పంపాడు. టెలిగ్రాం ద్వారా అయితే త్వరగా వచ్చేది, కాని ఖర్చెక్కువ. డబ్బు అక్కడ కట్టేశాడు. కట్టినట్టు తెలిపే కాగితం తపాలాలో వస్తేగాని మేము ఇక్కడ జమ వేయకూడదు. "ఇంకా రాలేదు బాబూ" అని రోజూ చెప్పాను. కాగితం వచ్చేసరికి ఫీజు గడువు దాటిపోయింది. వాడికి ఒక సంవత్సరం పోయింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఇబ్బంది ఒక్కరోజులో తీరలేదు. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థను స్థాపించింది. బ్యాంకులను కలిపే ఇన్ఫినెట్ అక్కడి నుండే 1999లో మొదలైంది. 2005లో నెఫ్ట్ వచ్చింది. అదీ మొదట బ్యాంకు పనివేళల్లోనే. రాత్రీపగలూ పనిచేయడానికి 2019 డిసెంబరు దాకా పట్టింది. ఈలోగా 2010లో ఐ.ఎం.పి.ఎస్., 2016లో యూపీఐ వచ్చాయి. ఒకరు ఆపినచోట ఇంకొకరు అందుకుంటూ వచ్చిన పని ఇది.

సృజన అంటే పెద్దమాట అనుకోకండి. సాయంత్రం లెక్క టాలీ కాకపోతే మా సీనియరు ముందు తేడాను 9తో భాగించేవారు. శేషం లేకుండా పోతే, ఎక్కడో 36కు బదులు 63 రాసి ఉంటారని అనుమానం. తేడా 27 కదా! అయినా ఆ పద్దు దొరికేదాకా రాత్రి తొమ్మిదైనా కుర్చీ దిగేవారు కాదు. అదే చిక్కుకు 1969లో వెర్‌హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. మీ ఆధార్ నంబరులో చివరి అంకె ఆ పద్ధతి ప్రకారం వచ్చిందే. పక్కపక్క అంకెలు తారుమారైతే మిషను వెంటనే పట్టేస్తుంది. ఉపాయం, ఓపిక రెండూ కావాలి.

కంప్యూటర్లు వచ్చినప్పుడు భయపడినవారిలో నేనూ ఒకణ్ణి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన ఉద్యోగిని పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అడగడానికి సిగ్గుపడి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి.

పిల్లలూ, ఆ కుర్రవాడు ఇంకా కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాడు, వేరే రూపంలో. బటన్ ఫోనుతోనూ డబ్బు పంపే వీలు వచ్చింది. అయినా మన వీధిలో ఒక మామ్మ పింఛను తీయడానికి తన పిన్ నంబరు పక్కింటివాళ్లకు చెప్పవలసి వస్తోంది. దొంగ ఫోనుకు లొంగి ఇంకొకాయన కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకున్నాడు. ఫోన్లన్నీ కలిశాయి, మనుషులందరూ ఇంకా కలవలేదు. మీలో కంప్యూటరు చదివేవారు, కామర్సు చదివేవారు అలాంటి ఒక్కరి ఇబ్బంది ఎంచుకోండి. అది తీరేదాకా వదలకండి.

ఈ ఉపకారవేతనం మీ ఫీజు గడువులోగా అందుతోంది. దాని విలువ ఎంతో నాకు తెలుసు.